రెండక్షరాల తేడా

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆరిన్ టాకెట్ శాసనసభ పార్కింగులో కారు దిగుతూ చనిపోయాడు. రెండు గుళ్లు. శబ్దం దాదాపు లేదు. చేతిలోని టిఫిను పొట్లం మంచు బురదలో పడింది. కాల్చినవాడు పిస్తోలును చెత్తడబ్బా పక్కన వదిలేసి మామూలుగా నడిచి వెళ్లిపోయాడు. దాన్ని దాచాల్సిన పని అతనికి లేదు. నంబరు లేదు, కంపెనీ పేరు లేదు. ఏ రికార్డులోనూ ఆ పిస్తోలు పుట్టనే లేదు.

టాకెట్ బిల్లులు రాసే గుమాస్తా. సభ్యులు నోటికొచ్చినట్టు చెప్పినదాన్ని ముప్ఫై ఏళ్లుగా చట్టం భాషలోకి దించుతున్నాడు. అలాంటివాణ్ణి చంపడానికి ఎవరికీ కారణం కనిపించడం లేదని పత్రికలు రాశాయి.

కారణం ఉందని మర్నాడు లోర్నా ప్రూయిట్‌కు ఆమె పై అధికారి మెర్ల్ హాస్కిన్స్ చెప్పాడు. హైవే పక్క హోటల్లో, గుడ్లు చల్లారిపోతుండగా.

లోర్నా ఫెడరల్ ప్రభుత్వపు గూఢచారి. ఎక్కడ కాల్పులు జరిగినా వెళ్లి, ఆ తుపాకి ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం. స్కూళ్లు, చర్చిలు, కూరగాయల అంగళ్లు. పన్ను పీకే ముందు సూది వేస్తే పెదవి ఎలా అవుతుందో, ఆమె లోపల అలా అయిపోయింది. ఏ ఊళ్లో అయిందో గుర్తులేదు.

హాస్కిన్స్ క్లుప్తంగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా బొమ్మల విడిభాగాలని చెప్పి ఆరువేల ప్లాస్టిక్ చట్రాలను ఈ రాష్ట్రంలోకి దించింది. చట్రమంటే పిస్తోలుకు వెన్నెముక. మూడు రంధ్రాలు వేసి, మిగతా భాగాలు బిగిస్తే గంటలో పిస్తోలు తయారు. రంధ్రాలు వేయనంతవరకు అది తుపాకా కాదా అన్నది ఎటూ తేలలేదు. అందుకని జడ్జి గోదాముకు సీలు వేయించి, కొత్త చట్టం ఏమంటే అదే నా తీర్పు అన్నాడు. బిల్లు గురువారం ఓటుకు వస్తోంది. తుపాకిగా మార్చదగిన చట్రం కూడా తుపాకే అని టాకెట్ అందులో రాశాడు.

"అయితే బిల్లు ఓడించాలని చూస్తున్నారా?" అంది లోర్నా.

"కాదు. ఓడిపోతే సీలు అలాగే ఉంటుంది. వాళ్లకి బిల్లు గెలవాలి, ఒక్క మాట మారి గెలవాలి. మార్చదగిన అన్నచోట మార్చిన అని ఉంటే చాలు. రంధ్రం లేని చట్రం బొమ్మే అవుతుంది. మార్చమని టాకెట్‌ని అడిగారు, ఒప్పుకోలేదు."

ఈ సంగతంతా లోపలినుంచి చెప్పింది సెలెస్ట్ వర్నాడో. తుపాకి కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరిగే మనిషి. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది గానీ, రెండేళ్లుగా హాస్కిన్స్‌కు కబుర్లు చేరవేస్తోంది.

బుధవారానికి లోర్నా సభలో కాస్త చెవుడున్న స్టెనోగ్రాఫరు అయిపోయింది. బూడిదరంగు స్వెట్టరు, లావు కళ్లద్దాలు, చెవిలో యంత్రం. ఆ యంత్రం యాభై అడుగుల దూరంలో గుసగుసను కూడా పట్టేస్తుంది. హాస్కిన్స్ గొంతూ అందులోనే వినబడుతుంది.

ఆ రోజు చర్చ. బిల్లు పెట్టిన థియా లిండ్‌క్విస్ట్ గుళ్లపెట్టెను క్లిప్ అంది. వెనక వరుసలోంచి బర్ల్ స్టాంపర్ లేచాడు. డెబ్బైనాలుగేళ్ల వేటగాడు, బిల్లుకు బద్ధ విరోధి. దాన్ని మేగజైన్ అంటారనీ, రెండింటికీ తేడా తెలియనివాళ్లు చట్టం చేయడమంటే ఆవు పొదుగు చూడనివాడు పాలకేంద్రం పెట్టడమేననీ అన్నాడు. నవ్వులు. పేరు చూసుకుంటూ కూర్చుంటే శవాలు లెక్కపెట్టడమే మిగులుతుందని థియా అంది. చెప్పే మాట సరిగా లేకపోతే రేపు నా తాత తుపాకి కూడా నేరమవుతుందని స్టాంపర్ అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది.

తర్వాత సాక్షి కుర్చీలో ఒక తల్లి కూర్చుంది. స్టాంపర్ వైపే చూసింది.

"మీరు దాన్ని ఏమని పిలవమంటే అలాగే పిలుస్తానండీ. మా పాప దాని పేరు అడగలేదు."

స్టాంపర్ తల దించుకున్నాడు. లోర్నా ఆ మాటల్ని ఒక్క తప్పు లేకుండా టైపు చేసింది. చేతులు వణకలేదు. వణకలేదని గమనించినప్పుడు కొంచెం భయం వేసింది. తర్వాత ఆ భయమూ పోయింది.

ఆడవాళ్ల గదిలో సెలెస్ట్ కలిసింది. ఆకుపచ్చ పట్టు గౌను, అద్దంలోనే చూపు.

"ఈ ఏడు వేటకెళ్తున్నారా?" అంది.

"నా కుక్క ముసలిదైపోయింది," అంది లోర్నా. సంకేతం కుదిరింది.

మాట మార్చిన కాగితం స్టాంపర్ దగ్గరుందనీ, ముఠాకు అమ్ముడుపోయింది అతనేననీ సెలెస్ట్ చెప్పింది. నమ్మదగ్గ మాటే. లోర్నా సాయంత్రం దాకా ముసలాయన్ని కనిపెట్టుకుని ఉంది. ఆయన మొక్కజొన్న రొట్టె తింటూ, వేలుపెట్టి బిల్లు చదవడం తప్ప ఏమీ చేయలేదు.

గురువారం. మూడింటికి ఓటు, ఇంకా పది నిమిషాలుంది. వరండా చివర సెలెస్ట్ ఫోనులో మాట్లాడుతోంది. చెవియంత్రం వేషం కోసమే అనుకుంది కాబోలు, గొంతు తగ్గించడంతో సరిపెట్టింది.

"టాకెట్ అడ్డు తొలగింది కదా. పద్నాలుగో పేజీ మార్చేశాను. సగం నిజం చెప్పబట్టి వాళ్లు నన్నే నమ్ముతున్నారు. ఆ చెవిటిది ముసలాడి వెనక తిరుగుతోంది."

లోర్నా హాస్కిన్స్‌కు చెప్పింది. వరండాలోకి మనుషుల్ని పంపుతున్నానన్నాడు. ఓటు మాత్రం ఆపవద్దన్నాడు. ఫెడరల్ వాళ్లు సభలో లేచి ఓటు ఆపితే బిల్లు మనమే రాశామంటారు, కోర్టు కొట్టేస్తుంది, సభ్యుడెవరైనా ఆపాలి అన్నాడు.

థియా మైకు ముందు ముగింపు మాటల్లో ఉంది. మిగతావాళ్లెవరూ పద్నాలుగో పేజీ దాకా చదివే రకం కాదు, ఒక్కరు తప్ప. లోర్నా వెనక వరుసకు వెళ్లి స్టాంపర్ పక్కకు వంగింది.

"పద్నాలుగో పేజీ, ఏడో వరుస చూడండి."

"నీకు చెవుడనుకున్నానే అమ్మాయ్," అంటూ ఆయన పేజీ తిప్పాడు. వేలు ఆగింది. "నిన్న ఇలా లేదు."

"లేదండీ."

"ఇలాగైతే బిల్లుకి కోరలు ఊడినట్టే. నాక్కావలసిందీ అదే. నేనెందుకు నోరు విప్పాలి?"

లోర్నా ఇంకాస్త దగ్గరికి వంగింది. "టాకెట్ ఆ మాట మార్చనన్నాడండీ. అందుకే చంపారు," అంది.

అధ్యక్షుడు సుత్తి అందుకున్నాడు. బోర్డు మీద ఓటు దీపాలు వెలగబోతున్నాయి. స్టాంపర్ ఆ వరుస మీద మరోసారి వేలు నడిపాడు. తర్వాత బల్లమీద రెండు చేతులూ ఆనించి, మెల్లగా లేచాడు.

"అధ్యక్షా, ఒక మాట తప్పు పడింది."

మళ్లీ మొదలుపెట్టాడురా అని ఎవరో గొణిగారు.

"ముప్ఫై ఏళ్లు ఆరిన్ టాకెట్ నా కామాలు దిద్దాడు. ఈ బిల్లుకి నేను వ్యతిరేకంగానే ఓటేస్తాను. కానీ వేసేది ఆరిన్ రాసినదాని మీద. దొంగ దూర్చినదాని మీద కాదు."

అసలు ప్రతి తెప్పించారు. మాట సరిదిద్దారు. ఒక్క ఓటు తేడాతో బిల్లు గెలిచింది. స్టాంపర్ చెప్పినట్టే వ్యతిరేకంగా వేశాడు. వరండాలో సెలెస్ట్‌కు ఇరువైపులా ఇద్దరు మనుషులు నిలబడ్డారు. చీకటి పడేలోగా ఆమె హంతకుడి పేరు, ముఠా చిరునామా చెప్పేసింది.

లోర్నా కారులో కూర్చుని, ఏదో ఒకటి కలుగుతుందేమోనని చూసింది. ఏడుపో, ఊరటో. అద్దం మీద చినుకులు పడుతున్నాయి. కాసేపు చూసి, వైపర్లు వేసుకుని వెళ్లిపోయింది.

ఆరువేల తుపాకులు పట్టుకున్నట్టు ఆమె పంపిన రిపోర్టు వారంలో తిరిగొచ్చింది. చట్టం జూలై ఒకటి నుంచి గానీ అమల్లోకి రాదు కాబట్టి అంతవరకు వాటిని తుపాకులు అనకూడదని అంచున రాసి ఉంది. ఆమె మాట మార్చి, సంతకం పెట్టి పంపింది. మే నెలలో, ఆరువేల వస్తువులను సాహసంతో పట్టుకున్నందుకు లోర్నా ప్రూయిట్‌కు ప్రశంసాపత్రం వచ్చింది.