ఎడమ పట్టీ మీద నీలి గీత

నర్సు వచ్చేసరికి కొలబద్ద మేడమ్ చొక్కాకి గుండీ కుడుతోంది. అపరాధ పరిశోధనలోకి దిగకముందు ఆమె ఇరవై ఏళ్లు బట్టలు కుట్టింది. వృత్తి మారినా టేపు మెడలోంచి దిగలేదు, ఆ పేరు అలా వచ్చింది. ఆమె సహాయకుణ్ణి అందరూ వసపిట్ట అంటారు. లోకంలో ఎన్నో చిక్కులు విప్పిన మేడమ్‌కి కూడా ఆయన నోరు మూయించే ఉపాయం దొరకలేదు.

"రేపు పదకొండింటికి విచారణ మేడమ్," అంది నర్సు, కుర్చీ అంచున కూర్చుని. "పేషెంటుని కొట్టానంటున్నారు. ఉద్యోగం పోతే పోయింది, రోగిని కొట్టిన మనిషన్న మాట పడ్డాక నన్ను ఏ ఆసుపత్రి గడప తొక్కనిస్తుంది?"

ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన రోగికి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, మిషన్‌తో గాలి పంపుతున్నారు. నాలుగు రోజులుగా అతని ముక్కు దూలం మీద పుండు, ఎడమ చెంప మీద వాత. అవి బయటపడేది ఎప్పుడూ ఈ నర్సు డ్యూటీలోనే. రోగి అన్నగారు ఫిర్యాదు రాసిచ్చాడు.

"కొట్టావా?" అడిగింది మేడమ్.

"లేదండీ."

"అయితే పద."

వార్డులో మంచానికి కుడివైపు మిషనూ, మందుల ట్రాలీ. ఎడమవైపు గోడ, మధ్యలో ఒక్క స్టూలు పట్టేంత చోటు. స్టూలు మీద అన్నగారు కూర్చుని ఉన్నాడు. లారీలకు సరుకు కట్టే ముఠాకి ఆయన మేస్త్రీ.

"నలభై ఏళ్లుగా లోడు కడుతున్నానమ్మా. నేను బిగించిన తాడు దారిలో సడలిందన్న మాట లేదు," అన్నాడాయన. "రోజూ నాలుగింటికి వస్తాను. నేను చెయ్యి చాపితే చాలు, తమ్ముడు గట్టిగా పట్టేసుకుంటాడు. మాట్లాడే ఓపిక లేదు గానీ, వాణ్ణి ఎంత బెదరగొట్టిందో ఆ పట్టులోనే తెలుస్తోంది."

పెద్ద సిస్టర్ రిజిస్టరు తెచ్చి చూపించింది. పొద్దుటి డ్యూటీ, రాత్రి డ్యూటీ గడుల్లో నాలుగు రోజులూ ఒకటే మాట: చర్మం బాగుంది. మధ్యాహ్నపు గడుల్లో మాత్రం నర్సు చేతిరాత: ముక్కు మీద ఎరుపు. ఎరుపు పెరిగింది. చర్మం లేచింది. పుండు పడింది.

"చూశారుగా, అంతా ఆవిడ డ్యూటీలోనే," అంది పెద్ద సిస్టర్. వసపిట్ట, ఇక ఈ అమ్మాయిని ఆ దేవుడే కాపాడాలి అనుకున్నాడు.

మేడమ్ మాస్కు పట్టీల మీదికి వంగింది. రెండింటి మీదా పెన్నుతో గీసిన నీలి గీతలున్నాయి.

"ఇవి నేనే గీశానండీ," అంది నర్సు. "పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుంచి, అక్కడ గుర్తు పెడతాను. తీసి మళ్లీ పెట్టేటప్పుడు కొలత తప్పకుండా."

కుడి గీత కొక్కెం దగ్గర సరిగ్గా ఉంది. ఎడమ గీత కొక్కెం దాటి బయటికి వచ్చేసింది. మేడమ్ టేపు పెట్టి కొలిచింది. రెండు వేళ్ల దూరం. "రోజూ సరిచేసి పెడతానండీ, మర్నాటికి మళ్లీ జరిగే ఉంటోంది," అంది నర్సు. అంతలో మిషన్ కీకీమంది.

"ఎందుకిలా?"

"గాలి పక్కలనుంచి పోతే మోగుతుందండీ. పళ్లసెట్టు తీసేశాక బుగ్గలు లోపలికి పోయాయి, మాస్కు కుదురుకోవట్లేదు. చిన్న సైజు కావాలని రాసిచ్చాను, ఇంకా రాలేదు."

బయటికొచ్చాక వసపిట్ట ఆగలేకపోయాడు. "ఎవరో తెలిసిందా మేడమ్?"

"తెలిసింది. రేపు నీ ముఖం కావాలి," అందామె.

మర్నాడు విచారణ గదిలో డాక్టరు, పెద్ద సిస్టర్, అన్నగారు, తల వంచుకున్న నర్సు. డాక్టరు అనుమతితో మేడమ్ అలాంటిదే ఇంకో మిషనూ మాస్కూ తెప్పించింది. వసపిట్టని గోడ పక్కన కూర్చోబెట్టి, అన్నగారికి ఆయన ఎడమవైపు కుర్చీ వేయించింది. నర్సు చేతే మాస్కు పెట్టించి, వేలు దూరేంత వదులుంచి, నీలి గీతలు గీయించింది. వసపిట్టవి ఎండిన బుగ్గలు. మిషన్ కీకీమని మొదలుపెట్టింది. మేడమ్ వినబడనట్టే డాక్టరుతో ఏదో మాట్లాడుతోంది.

అన్నగారు ఒకసారి మిషన్ వైపు చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత ఆయన చెయ్యి దానంతటది లేచి ఎడమ పట్టీని పట్టుకుని ఒక్క లాగు లాగింది. మోత ఆగిపోయింది. వసపిట్ట ముక్కు నలిగినంత పనైంది, అయినా నోరు తెరిచే వీలు లేదు. గొప్ప సంగతి కళ్లారా చూసి ఎవరికీ చెప్పుకోలేని బాధ ఆయనకు అదే మొదటిసారి.

అరగంట గడిచాక మేడమ్ మాస్కు తీయించింది. వసపిట్ట ముక్కు దూలం మీద ఎర్రటి గాడి, ఎడమ చెంప మీద వాత.

"వీణ్ణెవరు కొట్టారండీ?" అడిగింది మేడమ్.

టేపు చివరతో ఆ వాతను చూపించి, తనే అందుకుంది.

"నర్సు నిలబడేది మంచానికి కుడివైపు. బిగుసుకున్నది ఎడమ పట్టీ. ఎడమవైపు కూర్చునేది ఒక్కరే. మోత వింటే తమ్ముడికి ఊపిరి ఆగిపోతుందేమోనని ఆయన ప్రాణం కొట్టుకుంటుంది, చెయ్యి పట్టీ మీదికి పోతుంది. మోత దేనికో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అన్నగారూ, తాడు కింద పెట్టె అంచున గోనెసంచి మడిచి పెడతారు కదా, ఎందుకు?"

"లేకపోతే తాడు పెట్టెను కోసేస్తుం..." ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

డాక్టరు అందుకున్నాడు. "ఒకేచోట గంటల తరబడి ఒత్తిడి పడితే రక్తం అందదు. చర్మం చచ్చి పుండవుతుంది."

"మరి ఆవిడ డ్యూటీలోనే ఎందుకు కనబడింది?" అంది పెద్ద సిస్టర్.

"మాస్కు ఎత్తి చూసింది ఆవిడొక్కతే గనక," అంది మేడమ్. "మిగతా గడుల్లో చూడకుండానే బాగుందని రాశారు. పుండు ముందురోజు ఉండి, రాత్రికి మాయమై, మధ్యాహ్నానికి మళ్లీ పుడుతుందా? మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే జరిగింది ఈ అమ్మాయికి."

పెద్ద సిస్టర్ రిజిస్టరు మూసి, నర్సు ముందుకొచ్చి, "తప్పు మాది," అంది. డాక్టరు విచారణ కొట్టేసి, చిన్న మాస్కు గంటలో రావాలని ఫోన్ చేశాడు. నర్సు నాలుగు రోజుల తర్వాత తల పైకెత్తింది. వసపిట్టకి ఈల వేయాలనిపించింది. ముక్కు మంటగా ఉండి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం వార్డులో నర్సు పుండు మీద మెత్తటి పట్టు వేసి, కొత్త మాస్కు చేతిలోకి తీసుకుంది. ముఖం తెరిపిగా ఉన్న ఆ కాస్త సమయంలో రోగి అన్నగారి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు, మాటకో ఊపిరి తీసుకుంటూ. "ఇన్నాళ్లూ... నీ చెయ్యి పట్టుకుంది... ఆపడానికే బాబూ."

అన్నగారు ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. జేబులోని ఫిర్యాదు నకలు తీసి చింపేశాడు.

"నలభై ఏళ్లు పెట్టెలకు పెట్టిన మడత నా తమ్ముడికి పెట్టలేకపోయాను. ఎంత బిగించాలో నాకు నేర్పమ్మా," అన్నాడు.

నర్సు మాస్కు తొడిగి, ఆయన మొరటు వేలు అందుకుని పట్టీ కింద దూర్చింది. "ఇది పట్టాలి అన్నయ్యగారూ. అంతే."

వేలు పట్టింది. మిషన్ మోగలేదు. ఆమె ఎడమ పట్టీ మీద నీలి గీత గీయమని పెన్ను ఆయన చేతికే ఇచ్చింది.