చెవిలో నీళ్లు

సోమవారం పొద్దున్న ఏడూ ఇరవై.

వెల్ష్ కొండల్లో నాంట్ గారెగ్ ఊరికి ఎగువనున్న పాత పలకరాతి గని ఏనాడో నీళ్లతో నిండిపోయింది. ఆ నీళ్ల నడుమ చిన్న పడవలో గెరైంట్ ఎలిస్ ఒక్కడే ఉన్నాడు. ఆయన పర్యావరణ నియంత్రణ మండలిలో బోర్డు సభ్యుడు. తక్కిన సభ్యులు ఫైలు చదివి ఓటేస్తారు. ఈయనకి మాత్రం సీసా ముంచి నీళ్లు కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

మూడో సీసాకి మూత బిగిస్తుండగా పాదాలకి చల్లగా తగిలింది. కిందికి చూశాడు. పడవ అడుగున ఇత్తడి బిరడా ఉండాల్సిన కన్నంలో చక్కెర అచ్చు సగం కరిగి ఉంది. అతను చూస్తుండగానే మిగతా సగమూ కరిగింది.

మంచులాంటి ఆ గని నీళ్లలో పడ్డ మనిషి నాలుగు నిమిషాలు బతికితే గొప్ప. గెరైంట్ ఆరు నిమిషాలు ఈదాడు. ఒడ్డు చేరలేదు.

* * *

మంగళవారం, కార్డిఫ్. ఉన్ని దుకాణం మేడ మీద, బోర్డు లేని ఆఫీసు.

"వాన తగ్గిందా?" లోపల్నుంచి ఆడగొంతు.

"తగ్గిందెప్పుడు?" అన్నాడు ఎమిర్ ప్రిచర్డ్.

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏజెంట్లు చాటుగా పెద్దమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసని కూడా వాళ్లకి తెలుసు.

"గెరైంట్ నీ చిన్ననాటి స్నేహితుడు కదూ?"

"ఒకే బెంచీ, మేడమ్. శనివారం నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు." ఎమిర్ జేబులోంచి ఫోన్ తీశాడు. "మెసేజ్ పెట్టాడు."

ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించాడు. 'ఎమిర్, ఓట్లు లెక్కపెట్టాను. మాలో ఒకరు మావాళ్లు కారురా. ఫోన్లో వద్దు, ఎదురుగా చెప్తాను.'

పెద్దమ్మ రెండుసార్లు విని ఫోన్ వెనక్కి తోసింది. "గురువారం పన్నెండింటికి మండలి ఓటింగ్. మీ ఊరి హాల్లోనే. ఎజెండాలో ఏడో అంశం. పచ్చగా కనిపించే పేరున్న ఓ కంపెనీ, ఆ గనిని బూడిదతో పూడుస్తామని పర్మిట్ అడుగుతోంది. కాగితాల మీద బూడిద. డ్రమ్ముల్లో మాత్రం మూడు దేశాల ఫ్యాక్టరీలు వదిలించుకోలేక చస్తున్న విషం. వెనకున్న విదేశీ ముఠాకి మనం పెట్టిన పేరు కాకిగూడు."

"గని నీళ్లు మా చెల్లెలి పొలం మీదుగానే దిగుతాయి. ఊరంతా తాగేది ఆ వాగే."

"తెలుసు. అందుకే నిన్ను పంపాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను."

"ఓట్ల లెక్కేమిటి?"

"చైర్‌పర్సన్ కాక ఎనిమిది మంది. నలుగురు ఇటు, నలుగురు అటు. సమానమైతేనే చైర్ ఓటు. మారెడ్ వాన్ ఆ పర్మిట్‌కి చచ్చినా ఒప్పుకోదు. అందుకని ఈ పక్క నుంచి ఒకణ్ణి తగ్గించారు. ఇప్పుడు నలుగురికి ముగ్గురు. పన్నెండింటికి పర్మిట్ వస్తుంది, పన్నెండూ అయిదుకి లారీలు కదులుతాయి."

"మీటింగే ఆపేస్తే?"

"మండలి స్వతంత్రమైంది. మంత్రిగారు కూడా అందులో వేలు పెట్టడానికి లేదు. ఉత్త అనుమానం మీద ఆపితే కంపెనీ కోర్టుకెళ్లి పర్మిట్‌తో పాటు నష్టపరిహారం కూడా తెచ్చుకుంటుంది. ఆ అటు నలుగురిలో ముగ్గురు నిజంగానే ఉద్యోగాలొస్తాయని నమ్ముతున్న అమాయకులు. నాలుగో మనిషి కాకిగూడు తాలూకు. కంచే చేను మేస్తోంది, ఎమిర్. ఓటుకి ముందు ఆ మనిషిని పట్టుకో."

"వేషం?"

"దుబాసీవి. సభలో ఎవరైనా వెల్ష్ భాషలో మాట్లాడితే ఇంగ్లీషులోకి మార్చి చెవుల్లో వేసే ఉద్యోగం. అసలు దుబాసీకి జలుబు చేసింది." పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుంది. "చేయించాం."

* * *

గురువారం. నాంట్ గారెగ్ హాలు.

బయట వాన. లోపల తడి కోట్ల వాసన, ఎండుద్రాక్ష రొట్టె వాసన. ఊళ్లో సగం మంది వెనక బెంచీల మీదున్నారు. మూడో వరసలో చెల్లెలు లౌరీ కూర్చుని ఉంది. కట్టుడు మీసం, పాత చొక్కా ఎంతమందిని మోసం చేసినా ఆమెని చేయలేదు. ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది, అంతే.

హాలు మూల గాజు కేబిన్‌లో ఎమిర్ మైకు సరిచేసుకున్నాడు. క్లర్క్ హెలెన్ ఇయర్‌పీసుల పెట్టె తెచ్చి పక్కన పెట్టింది. హెలెన్‌ది ఇంగ్లీషువాళ్ల ఊరు బ్రిస్టల్. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నా వెల్ష్‌లో నమస్కారం దాటి ముందుకెళ్లలేదు.

"సభ్యులకి ఎన్నిచ్చావు?" అడిగాడు.

"ఆరు."

ఎమిర్ లెక్కపెట్టాడు. చైర్‌తో కలిపి ఇప్పుడున్నది ఎనిమిది మంది. వెల్ష్ రానివాళ్లు అయిదుగురు. చైర్‌పర్సన్ మారెడ్‌కి వచ్చు. గొర్రెల రైతు గ్విలిమ్‌కి వచ్చు. డాక్టర్ నెస్టా ప్రోబర్ట్‌కి వచ్చు. అయిదు చాలాలి.

"ఆరోది?"

"నెస్టా గారికి. చెవిలో నీళ్లు చేరాయట, సరిగ్గా వినబడదట."

"ఎప్పట్నుంచి?"

హెలెన్ నవ్వింది. "ఆర్నెల్లు. నేనూ అదే అనుకున్నాను, అది చెవా, చెరువా అని."

ఎమిర్ గాజులోంచి నెస్టాని చూశాడు. నలభై ఏళ్లుంటాయి. కెంపురంగు కోటు, మెడ మీద తెల్లని స్కార్ఫు. సముద్రాల అవతల పటగోనియాలో, నూటయాభై ఏళ్ల కింద ఇక్కణ్ణుంచి వలసపోయిన వెల్ష్ కుటుంబాల మధ్య పుట్టి, ముత్తాతల గడ్డ మీద ప్రేమతో తిరిగొచ్చిన పిల్ల అని బోర్డు ఫైల్లో ఉంది. ఆ కథ విని ఊరి ముసలమ్మలు కంటతడి పెట్టుకున్నారు.

టీ విరామంలో ఎమిర్ ఆమె పక్కకి చేరాడు. వెల్ష్‌లోనే మొదలెట్టాడు. "మీ నాన్నగారు కూడా గొర్రెలు కాసేవారా, డాక్టర్ గారూ?"

ఆమె ముచ్చటగా నవ్వి అతని మోచెయ్యి తాకింది. వెల్ష్‌లో "శుభోదయం, నాయనా!" అని, వెంటనే ఇంగ్లీషులోకి మారింది. "పాపం, హెలెన్‌కి మన భాష రాదు కదండీ. ఆమె ముందు మనం మనం మాట్లాడుకుంటే మర్యాద కాదు."

హెలెన్ మొహం వెలిగిపోయింది. ఎమిర్ నోట్లో రొట్టె ముక్క నమలకుండానే ఉండిపోయింది.

ఆ మర్యాద ఇక్కడి వాళ్లకి తల్లి పాలతో వచ్చింది. పదిమంది వెల్ష్ వాళ్లున్నా, భాష రాని మనిషి ఒక్కడు గదిలోకొస్తే చాలు, అందరూ ఇంగ్లీషులోకి దిగిపోతారు. బోర్డు గదిలో అలాంటి వాళ్లు ఎప్పుడూ అయిదుగురుంటారు. కాబట్టి మూడేళ్లుగా నెస్టాతో పట్టుమని రెండు నిమిషాలు వెల్ష్‌లో మాట్లాడిన నరమానవుడు లేడు. వీళ్ల మంచితనమే ఆమెకి మారువేషం.

'మాలో ఒకరు మావాళ్లు కారురా.' గెరైంట్ చెప్పింది బోర్డు గురించి కాదు. భాష గురించి.

కానీ రుజువేదీ? ఎదురుగా నిలదీస్తే చెవిలో నీళ్లంటుంది. టైము పదకొండూ పది.

* * *

పదకొండూ యాభై.

చీఫ్ ఎగ్జిక్యూటివ్ బూడిద రిపోర్టు చదివి చదివి నీళ్లు తాగాడు. మారెడ్ వాన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏడో అంశం. ఓటుకి పెడుతున్నాను."

గ్విలిమ్ చెయ్యెత్తాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ బాధ కలిగితే ఇంగ్లీషు రాదు. వెల్ష్‌లో మొదలుపెట్టాడు.

"ఈ చేతుల్లో ఇవాళ ఒక చెయ్యి తక్కువైంది. గెరైంట్ ఉంటే అక్కడ కూర్చునేవాడు. ఓటు తర్వాత. ముందు మనందరం లేచి నిలబడి, ఒక్క నిమిషం వాణ్ణి తలుచుకుందాం."

దుబాసీ అన్నవాడు మాట వెనకాలే నడవాలి. ఎమిర్‌కి ఆలోచించడానికి దొరికింది ఒక్క ఊపిరి. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో వందల అబద్ధాలాడాడు. కానీ ఒకరి మాటని ఇంకొకరి చెవిలోకి చేరవేసే కుర్చీలో కూర్చుని, అదీ చచ్చిపోయిన స్నేహితుడి పేరు మీద ఆడటం వేరు. పాపం అనిపించింది. అనిపిస్తుండగానే మైకులో ఇంగ్లీషులో అన్నాడు.

"గెరైంట్‌కి నివాళిగా, దయచేసి ఎవరూ లేవకుండా, కూర్చునే కళ్లు మూసుకుని ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

మారెడ్ లేచింది. గ్విలిమ్ లేచాడు. వెనక ఊరు ఊరంతా లేచింది.

ఇయర్‌పీసులున్న అయిదుగురూ కూర్చునే కళ్లు మూసుకున్నారు. కెంపురంగు కోటు కూడా ఎంతో భక్తిగా తల వంచి, కళ్లు మూసుకుని, కూర్చునే ఉంది.

హాల్లో గడియారం తప్ప ఇంకేం వినబడటం లేదు. ముందు లౌరీ చూసింది, తర్వాత మారెడ్. గ్విలిమ్ మాత్రం అందరికంటే ఎక్కువసేపు చూశాడు. గనిలోంచి తీసిన పడవకి బిరడా లేదని ఊరంతటికీ తెలుసు. చెవిలో నీళ్లున్నా లేకపోయినా, లేవమంటే లేవాలని తెలియడానికి పుట్టుభాష చాలు. ఆ అరవై సెకన్లలో ఎమిర్ గెరైంట్‌ని తలుచుకోలేకపోయాడు. పెదాలు కొరుక్కుంటూ ఆ కోటునే చూస్తూ కూర్చున్నాడు.

నిమిషం అయింది. నెస్టా కళ్లు తెరిచి, చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసి కొద్దిగా తడబడింది. ఆమె పక్క కుర్చీలో కూర్చుంటూ గ్విలిమ్ నెమ్మదిగా ఆమె వైపు వంగాడు. టీలో పాలు పోయనా అని అడిగేంత తియ్యగా, వెల్ష్‌లో అడిగాడు.

"గెరైంట్ పడవ బిరడా తీసింది నువ్వేనా, తల్లీ?"

ఎమిర్ మైకు ఆపేశాడు. ఆరు ఇయర్‌పీసుల్లోనూ మౌనం.

నెస్టా తనకొచ్చిన నాలుగు ముక్కల్లోంచి రెండు ఏరుకుని, అందంగా నవ్వి, వెల్ష్‌లో జవాబిచ్చింది. "అవునండీ, తప్పకుండా!"

వెనక బెంచీల్లో ఎవరిదో కప్పు కిందపడి పగిలింది.

"డాక్టర్ ప్రోబర్ట్," అంది మారెడ్ ఇంగ్లీషులో, ఒక్కో మాటా తూచినట్టు. "గ్విలిమ్ మిమ్మల్ని ఇప్పుడేమడిగాడో మాకు చెప్తారా?"

నెస్టా గాజు కేబిన్ వైపు చూసింది. ఎమిర్ మైకు మీంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

"టీ... కావాలా అని."

"కాదమ్మా," అన్నాడు గ్విలిమ్. ఈసారి ఇంగ్లీషులోనే.

అప్పుడామె కదిలింది. కుర్చీ వెనక్కి పడింది. చేతిలో పెన్ను, పెన్ను చివర సన్నని సూది. పక్క తలుపు నాలుగు అడుగుల దూరం. మూడో అడుగులో, ఏప్రాన్ కట్టుకుని టీ పోస్తున్న ముసలావిడ అడ్డొచ్చింది. కెటిల్లో మరుగుతున్న నీళ్లు ఆ మణికట్టు మీద పడ్డాయి. పెన్ను ఎగిరిపోయింది.

"అయ్యో, చూసుకోలేదమ్మా," అంది పెద్దమ్మ, ఆమె రెండో చేతికి బేడీ తగిలిస్తూ.

పదకొండూ యాభై తొమ్మిది. మారెడ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "తప్పుడు వివరాలతో నియామకం పొందిన సభ్యురాలికి ఓటు లేదు. పర్మిట్‌కి అనుకూలం?"

మూడు చేతులు. వాటిలో ఒకటి సగంలో ఆగి మళ్లీ లేచింది.

"వ్యతిరేకం?"

మూడు చేతులు.

"సమానం. చైర్ ఓటు నాది. తిరస్కరిస్తున్నాను."

హాలు గడియారం పన్నెండు కొట్టింది. పైన గని గేటు దగ్గర పద్నాలుగు లారీల ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం కిటికీలోంచి వినబడింది.

* * *

కార్ పార్కులో వాన కొంచెం పెరిగింది. పెద్దమ్మ ఏప్రాన్ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"నెస్టా కారు సీటు కింద ఇత్తడి బిరడా దొరికింది. కోర్టుకి ఆ 'అవునండీ' కంటే ఇది పనికొస్తుంది." తన కారు తలుపు తీసింది. "ఫోన్ ఎత్తి ఉంటే వాడు బతికేవాడని నువ్వనుకుంటున్నావు. బతికేవాడో లేదో నాకు తెలీదు, ఎమిర్. తెలుసని చెప్పి నిన్ను ఓదార్చను."

ఆమె కారెక్కి వెళ్లిపోయింది. హెలెన్ గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఫారం.

"ఏమనుకోకండి. వెల్ష్ రాని సభ్యులు అయిదుగురూ మీ మీద కంప్లయింట్ ఇచ్చారు. మీ అనువాదం వల్ల నివాళికి కూర్చుండిపోయామని, ఊరి ముందు తలెత్తుకోలేకపోతున్నామని. తప్పు జరిగిందని ఒప్పుకుంటే సంతకం పెట్టండి, మీటింగ్ మినిట్స్‌లో ఎక్కించాలి."

ఎమిర్ సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిచ్చేసి, కట్టుడు మీసం పీకి జేబులో వేసుకుని, గని వైపు తిరిగి, చేతులు దించుకుని వానలో కదలకుండా నిలబడ్డాడు. హాలు మెట్ల మీదున్న లౌరీ అది చూసి, ఏమీ అడక్కుండా వచ్చి పక్కన నిలబడింది.

హెలెన్‌కి అర్థం కాలేదు. "తడిసిపోతున్నారు! ఏం చేస్తున్నారండీ?"

"తప్పు దిద్దుకుంటున్నాను," అన్నాడు ఎమిర్. "ఒక్క నిమిషం పడుతుంది."