చివరి గదిలో దగ్గు

మా కాలేజీ పేరెందుకులెండి. అద్దంకి రోడ్డు మీద, మిరపచేల మధ్య ఉంటుంది. సైకిల్ స్టాండ్ దాటాక వెనకాల ఒక గది. తలుపు మీద ‘డే స్కాలర్ల విశ్రాంతి గది’ అని నీలం రంగుతో రాసుంది. కట్టిన నాటి నుంచి ఏ డే స్కాలరూ అందులో నడుం వాల్చలేదు. ఎప్పుడూ తాళమే.

ఆ గదికి చెడ్డపేరు వచ్చింది నిరుడు కార్తీకంలో. చీకటి పడ్డాక లోపల పేజీలు తిప్పిన చప్పుడు... కిటికీ సందులో సన్నటి వెలుగు... ఆఖరి బస్సు తప్పిపోయి రోడ్డు మీద చచ్చిపోయిన పిల్ల ఎవరో ఇంకా బస్సు కోసం కాచుకుందని హాస్టల్ పిల్లలు పుట్టించారు. లైబ్రరీ గుమస్తాని నేను, విని నవ్వాను. కానీ ఆరు దాటితే అటు వెళ్లేవాణ్ణి కాదు.

తర్వాత జరిగింది వాచ్‌మన్ ఇమాం హుస్సేన్ చెప్పగా విన్నాను.

ఫిబ్రవరిలో ఓ రాత్రి ఏడింటికి ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారట. పొద్దున్నే కమిటీ వస్తోంది. పిల్లలకి ఏ వసతులున్నాయో చూసి కాలేజీకి మార్కులు వేసే కమిటీ. "ఆ గది తీసి ఊడ్పించు" అన్నారట. ఇన్నేళ్లూ గుర్తురాని గది ఆ పూట గుర్తొచ్చింది మహానుభావుడికి!

ఊడవాల్సిన పుల్లమ్మ గడప తొక్కనంది.

"ముందు పొగేద్దాం హుస్సేనన్నా. ఎండుమిరగాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రావాల. రాలేదంటే లోపల దెయ్యం గాలి ఉన్నట్టే."

హాస్టల్ వంటింట్లోంచి బొచ్చెలో నిప్పులు తెచ్చింది. గుప్పెడు మిరపకాయలు పోసి, తలుపు కాస్త తీసి, కర్రతో లోపలికి తోసి, మళ్లీ మూసేసింది.

ఒక నిమిషం... రెండు నిమిషాలు...

ఘాటు రాలేదు. గాలి చేలవైపు తోలుతోంది, అందుకే రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"ఉంది..." పుల్లమ్మ గుసగుసలాడింది. ఇంకో గుప్పెడు వేసింది.

అప్పుడు — లోపల దగ్గు.

మళ్లీ దగ్గు... ఇక ఆగలేదు.

"దెయ్యానికి దగ్గొస్తుందా పుల్లమ్మా?" అంటూనే ఇమాం హుస్సేన్ తలుపు తన్నాడు.

చున్నీ నోట్లో కుక్కుకుని, రికార్డు పుస్తకం గుండెకి హత్తుకుని ఒక పిల్ల బయటపడింది. శ్రీరమ్య, బీఎస్సీ రెండో ఏడాది. పర్చూరు అవతల పల్లెటూరు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

"బాబాయ్, ఎవరికీ చెప్పొద్దు. రేపు ఎనిమిదిన్నరకి ప్రాక్టికల్స్. మా ఊరి ఫస్ట్ బస్సు ఇక్కడికి తొమ్మిదీ నలభైకి గానీ రాదు."

ల్యాబ్ వదిలేది ఐదున్నరకి. ఆ ఊరికి ఆఖరి బస్సు ఐదుంపావుకే పోతుంది. హాస్టల్లో సీటు లేదన్నారు. అరగంట ముందు వదలమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. ఇక చేసేది లేక, ల్యాబ్ ఉన్న రోజుల్లో స్నేహితురాలింట్లో ఉంటానని ఇంట్లో చెప్పి, వెనక కిటికీలోంచి ఆ గదిలోకి దూరేది.

ఉద్యోగం పోతుందని భయమేసి ఇమాం హుస్సేన్ ఫోన్ చేశాడు.

"గేటు బయటికి పంపెయ్. రేపు కమిటీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ పిల్ల ఫోన్ చేస్తే వాళ్ల నాన్న పేరయ్య పదింటికి పాలతని బండి అడిగి తెచ్చుకుని వచ్చాడు. అంతదాకా ఆ పిల్ల గేటు బయట నీళ్లతో కళ్లు కడుక్కుంటూనే ఉందట. తెల్లారేసరికి ఆ బండి పాలకి వెళ్లాలి. శ్రీరమ్య బస్సుకే వచ్చింది — తొమ్మిదీ నలభైకి. పరీక్షకి రానివ్వలేదు. ఏడాది పోయింది.

సరిగ్గా ఆ వేళకి కమిటీ వాళ్లు ఆ గదిలో ఉన్నారు. మిరప ఘాటుకి పుల్లమ్మ ఊడవలేకపోయింది. చాప, నీళ్ల సీసా, కెమిస్ట్రీ పుస్తకం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మా డే స్కాలర్లు ఎంత బాగా వాడుకుంటున్నారో చూడండి సార్!" అన్నారట ప్రిన్సిపాల్ గారు. ఒకాయన కాస్త దగ్గి, ఫోటో తీసుకున్నాడట. వసతుల కింద పూర్తి మార్కులొచ్చాయి. ఆ ఫోటో ఉన్న ఫైలు నా బీరువాలోనే ఉంది. పుస్తకం అట్ట మీద ఆ పిల్ల పేరు కనిపిస్తూనే ఉంటుంది. చూసినప్పుడల్లా నా ఒళ్లు మండిపోతుంది.

గదికి మళ్లీ తాళం పడింది. ఇమాం హుస్సేన్ మాత్రం కొత్త పిల్లలందరికీ ఆ దెయ్యం కథ ఇంకా నాలుగు కల్పించి చెబుతున్నాడు. ఎందుకయ్యా అంటే గొంతు తగ్గించాడు.

"భయముంటే ఎవరూ అటు రారు సార్. కిటికీ గడియ... నేనే తీసి పెడుతున్నా."

నిన్న ఆలస్యమై సైకిల్ తీసుకుంటుంటే ఆ గదిలో పేజీ తిప్పిన చప్పుడైంది. నేను అటు చూడలేదు. భయపడ్డవాడిలా గబగబా వచ్చేశాను.