ఫ్రిజ్‌కు కప్పిన కంబళి

ఒంటిపూట బడి నుంచి నీలమ్మ ఇల్లు చేరేసరికి అవ్వ గంగమ్మ మంచం మీద అటూ ఇటూ దొర్లుతోంది. అది 1964 ఏప్రిల్ నెల. జహీరాబాదులో ఎండలు మండిపోతున్నాయి.

ఏమైందని నీలమ్మ అడిగింది.

"గా డబ్బా ఎనకనుంచి సెగ కొడుతుంది బిడ్డా. పొయ్యి పక్కన పండుకున్నట్టే ఉంది," అంది అవ్వ.

అవ్వ డబ్బా అనేది ఫ్రిజ్‌ని. ఆ వీధి మొత్తానికి అదొక్కటే. అవ్వకు షుగర్ జబ్బు. రోజూ పొద్దున కాంపౌండర్ వచ్చి ఇన్సులిన్ సూది వేస్తాడు. ఆ మందు ఎండకు పాడవుతుంది. అందుకే నీలమ్మ నాన్న శంకరప్ప పోయిన నెల హైదరాబాదు నుంచి ఫ్రిజ్ తెప్పించాడు. తనను అడగకుండా దాని జోలికి పోవద్దని అందరికీ గట్టిగా చెప్పాడు.

ప్లగ్గు వైరు పొట్టిది. అందుకని ఫ్రిజ్ వీపు అవ్వ మంచం వైపు తిరిగి ఉండేది. నీలమ్మ దాని వెనక చెయ్యి పెట్టి చూసింది. మెలికలు మెలికలుగా ఉన్న నల్లటి గొట్టాలు వేడిగా తగిలాయి. చల్లబరిచే పెట్టెకు ఈ వేడెందుకో ఆమెకు అర్థం కాలేదు. ఆ వేడిని ఆపితే అవ్వకు హాయిగా ఉంటుందనుకుంది.

నాన్న బట్టల దుకాణంలో ఉన్నాడు. అమ్మ బసమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నీలమ్మ బట్టల పెట్టెలోంచి మందపాటి ఉన్ని కంబళి తెచ్చి, రెండు మడతలు వేసి, ఫ్రిజ్ వీపంతా కింది మోటరుతో సహా కప్పేసింది. అవ్వకు సెగ తగ్గి, కాసేపటికి నిద్ర పట్టింది. నీలమ్మకు తాను ఏదో గొప్ప పని చేసినట్టు అనిపించింది.

రెండు గంటలు గడిచాక ఫ్రిజ్ గుర్రుమని మూలిగి, టక్కుమని ఆగిపోయింది.

నీలమ్మ తలుపు తీసి చూసింది. ఐసు గడ్డలు నీళ్లయిపోతున్నాయి. గబగబా కంబళి లాగింది. అది చేతులు చుర్రుమనేంత వేడెక్కి ఉంది. దాన్ని చుట్ట చుట్టి పెట్టెలో కుక్కేసింది. ఎవరికీ చెప్పలేదు.

కాసేపటికి పాల కోసం వచ్చిన బసమ్మ విషయం గమనించి దుకాణానికి కబురు పంపింది. శంకరప్ప బస్టాండు దగ్గరి మెకానిక్ మదన్‌మోహన్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు. ఆయన బొంబాయిలో ఫ్రిజ్‌ల పని నేర్చుకున్నవాడు. మోటరు మీద చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"మోటరు కాలిపోయినట్టుంది సేట్. లారీల ఏసి హైదరాబాద్ పంపాలె. పదిహేను దినాలు పడతది."

శంకరప్ప గడప మీద కూర్చున్నాడు. ఈ ఎండల్లో పదిహేను రోజులు మందును ఎట్లా కాపాడాలో ఆయనకు తోచలేదు. బసమ్మ మందు సీసాలను చిన్న కుండలో పెట్టి, దాన్ని తడి ఇసుకలో దించింది. తన గురించి ఫికర్ చేయొద్దని అవ్వ కొడుకుతో అంటూనే ఉంది.

మదన్‌మోహన్ స్క్రూడ్రైవర్ తీశాడు. నీలమ్మకు ఇక ఆగబుద్ధి కాలేదు.

"నాయినా, నేనే చేసిన. అవ్వకు సెగ తగులుతుందని ఎనకంగ కంబళి కప్పిన. ఆగిపోయినంక తీసి దాచిన."

శంకరప్ప కూతురి వంక చూశాడు. కోప్పడతాడనుకుని ఆమె తల దించుకుంది. అంతలో మదన్‌మోహన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఎంతసేపు కప్పిందో, ఎప్పుడు తీసిందో అడిగి తెలుసుకున్నాడు.

"గీ ముచ్చట ముందే చెప్తే లారీ మాటే రాకపోవు బిడ్డా," అన్నాడు.

మోటరు మరీ వేడెక్కితే కరెంటు దానంతటదే ఆగిపోయేలా లోపల చిన్న స్విచ్చి ఉంటుందట. మోటరు చల్లారితే మళ్లీ తిరగొచ్చు, తిరగకపోవచ్చు. అరగంట ఆగి చూద్దామన్నాడు. అందరూ అక్కడే కూర్చున్నారు.

"అవ్వకు సూది ఏసే ముందు స్పిరిట్ రాస్తరు గదా. ఎట్లుంటది?" అని ఆయన నీలమ్మను అడిగాడు.

చల్లగా ఉంటుందని ఆమె చెప్పింది.

"స్పిరిట్ ఆవిరైతూ ఒంట్ల వేడిని ఎత్తుకపోతది. ఫ్రిజ్ కూడ గంతే. సల్లదనం తయారు చెయ్యదు. లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారేస్తది."

గొట్టాల్లో ఒక ద్రవం ఉంటుంది. అది ఫ్రిజ్ లోపల వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. మోటరు ఆ ఆవిరిని సైకిల్ పంపులా నొక్కుతుంది. నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని వెనక గొట్టాల దగ్గర గాలికి వదిలేసి, చల్లారి, మళ్లీ ద్రవమై లోపలికి పోతుంది. కంబళి కప్పడంతో వేడికి బయటపడే దారి లేకుండా పోయింది.

మరి చలికాలంలో ఆ వేడితో ఇల్లు వెచ్చబెట్టుకోవచ్చు కదా అని నీలమ్మ అడిగింది. మదన్‌మోహన్ ముఖం వెలిగిపోయింది. చలి దేశాల్లో కొందరి ఇళ్లల్లో ఇట్లాంటి మిషన్లే ఉన్నాయట. వాటిని హీట్ పంపులంటారట. కొన్ని బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ ఇంట్లోకి తోడతాయి. కొన్ని భూమిలో పాతిన గొట్టాల నుంచి, కొన్ని బావి నీళ్ల నుంచి తోడతాయి. వాటిలో కొన్నింటిని ఎండాకాలం తిరగేసి నడిపితే ఇల్లు చల్లబడుతుంది కూడా. చలి పొద్దున చేదిన బావి నీళ్లు గోరువెచ్చగా ఉండటం నీలమ్మకు గుర్తొచ్చింది. అయితే అక్కడ వేడి దాక్కుని ఉంటుందన్నమాట.

అరగంట అయింది. మదన్‌మోహన్ స్విచ్చి వేశాడు. ఏమీ వినపడలేదు. శంకరప్ప లేచి నిలబడ్డాడు. అంతలో టక్కుమంది. ఆ వెంటనే మెల్లగా, హాయిగా గుర్రుమనే చప్పుడు మొదలైంది.

అవ్వ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. శంకరప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. కబురు పెడితే కాంపౌండర్ వచ్చి సీసాలు చూసి, మందు బాగానే ఉందన్నాడు. శంకరప్ప కూతుర్ని తిట్టలేదు. మంచం ఒక కొస పట్టుకొమ్మన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని అవతలి గోడకు జరిపారు.

ఎనిమిది రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం నీలమ్మ రొప్పుతూ దుకాణానికి వచ్చింది. లోపల ముగ్గురు బేరగాళ్లు ఉన్నారు. ఆమె వాళ్ల ముందే చెప్పేసింది.

"నాయినా, నేను పెట్టిన పాలగిన్నె అడ్డమొచ్చి ఫ్రిజ్ తలుపు సరిగ పడలే. ఇప్పుడే చూసి మూసిన. మందు సల్లగనే ఉంది. అయినా నువ్వొచ్చి ఒకసారి చూడు."

శంకరప్ప కొలబద్ద పక్కన పెట్టాడు. చెప్పులు వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని దుకాణం మెట్లు దిగాడు.