సభ్యుడు గది విడిచి వెళ్ళవలెను

"మీరు ఎవరికి ప్రతినిధండీ? ఉద్యోగులకా, తాళాలకా?"

తెనాలి స్టేషన్లో బాపట్ల బండి కోసం నిలబడి ఉన్న అజయ్ బాబును, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది. రేపల్లె బండి దిగి వానలో పరుగెత్తి వచ్చినట్టుంది. చుడీదార్ మోకాళ్ళ దాకా తడిసింది. చేతిలో గొడుగు మాత్రం పొడిగానే ఉంది. విప్పే తీరిక దొరకలేదు కాబోలు.

అజయ్ బాబు బాపట్లలోని విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జూనియర్ అసిస్టెంటు. బోధనేతర సిబ్బంది సంఘం తరఫున క్వార్టర్ల కేటాయింపు కమిటీకి ఎన్నికయ్యాడు. ఎన్నికయ్యాడనడం మర్యాదకే, ఇంకెవరూ నామినేషన్ వేయలేదు. ఏడాదిలో జరిగిన నాలుగు సమావేశాలకూ హాజరై, నాలుగింటిలోనూ టీ తాగి సంతకం పెట్టాడు.

అమ్మాయి పేరు దీవెన, అతణ్ణి ఆఫీసులో ఎవరో చూపించారట. విత్తన ప్రయోగశాలలో కొత్తగా చేరిన టెక్నీషియను. బి-బ్లాకులో ఇళ్ళు తీసుకున్నవాళ్ళు కాపురం ఉండక పదకొండింటికి తాళాలు వేలాడుతుండగా, తన దరఖాస్తు మాత్రం రెండుసార్లు తిరిగి వచ్చిందని చెప్పింది. క్వార్టర్లు కుటుంబం ఉన్నవాళ్ళకేననీ, పెళ్ళికాని వాళ్ళకు ఇవ్వరనీ అతడు తనకు తెలిసినంతలో వివరించబోయాడు.

"ఏ రూలండి? నంబరు చెప్పండి."

ఆ సాయంత్రం అతడు మొదటిసారిగా నిబంధనల పుస్తకం తెరిచాడు. మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివినా అటువంటి రూలు కనిపించలేదు. ఎవరో ఎప్పుడో అన్నారు. విన్నవాళ్ళు అదే అంటూ వచ్చారు. సాక్ష్యం అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు.

మర్నాడు బండిలో ఆమెకు ఎదురుగా కూర్చుని, "లేదండి, ఆ రూలు లేదు," అన్నాడు.

"అమ్మయ్య. ప్రతినిధి గారికి చదవడం వచ్చు," అంది దీవెన కిటికీలోంచి చూస్తూ.

ఆమె తొందరకు కారణం ఉంది. మొలక పరీక్ష గదిలో ఉదయం ఏడింటికల్లా వేడి, తేమ చూసి రాయాలి. రేపల్లె నుంచి మొదటి బండి ఎక్కినా, తెనాలిలో మారి బాపట్ల చేరేసరికి తొమ్మిది. అప్పటికే మూడు మెమోలు అందాయి. నాలుగోది వస్తే ఉద్యోగం ఖాయం కాదు. ఈసారీ ఇల్లు రాకపోతే, ఉత్తరాంధ్రలో ఒక పరిశోధన కేంద్రానికి బదిలీ కోరుతూ రాసిన ఉత్తరం ఇచ్చేస్తానంది. ఆ ఉత్తరం ఆమె సంచిలోనే ఉంది. టిఫిన్ డబ్బా తీసినప్పుడల్లా దాని అంచు బయటికి కనిపించేది. అజయ్ బాబు ఆ పూట తన ఇడ్లీ డబ్బా మూసేసేవాడు.

క్రమంగా అతనికొక అలవాటు పట్టుకుంది. పొద్దున లేస్తూనే రేపల్లె బండి వేమూరు దాటిందో లేదో ఫోనులో చూసేవాడు. దాటకపోతే ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాడు. ఇదంతా ఫైలు కోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ వాదన బలహీనమైనదని అతనికీ తెలుసు.

ఆ విడతలో ఖాళీ అవుతున్నది బి-14 ఒక్కటే. దానికి దీవెనతో పాటు మరొకరు దరఖాస్తు పెట్టారు. ఆయన ఎస్టేట్ ఆఫీసరు సంజీవరావుకు తోడల్లుడు. సంజీవరావు కమిటీలో సభ్యుడు. చుట్టరికం అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఒకనాడు నిడుబ్రోలు దాటాక దీవెన మొలకల నోటు పుస్తకం వెనక అట్ట మీద ఏదో రాసి అతని చేతిలో పెట్టింది. 'దరఖాస్తుదారుతో బంధుత్వం గానీ, స్వప్రయోజనం గానీ ఉన్న సభ్యుడు ఆ సంగతి తెలిపి, గది విడిచి వెళ్ళవలెను.'

"దీన్ని పాస్ చేయించగలరా? లేకపోతే టీ తాగి వస్తారా?"

అయిదో సమావేశంలో అజయ్ బాబు టీ ముట్టలేదు. ఆ వాక్యాన్ని పైకి చదివాడు. కమిటీ అధ్యక్షురాలైన డీన్ గారికి నచ్చింది. అదెవరు పాటిస్తారన్న ధీమాతో సంజీవరావు కూడా నవ్వుతూ సంతకం పెట్టాడు. అలా అది ఏడో నిబంధన అయింది.

కేటాయింపు జరిగే రోజు పొద్దున కూడా వానే. డీన్ అడగగానే సంజీవరావు చుట్టరికం బయటపెట్టాలని అజయ్ బాబు ముందే నిశ్చయించుకున్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. బండిలో ఎదురుగా కూర్చుని, వేరుశనగ మొలకల్లో ఏవి బతుకుతాయో, ఏవి బతకవో చెబుతున్న ఈ మనిషి విషయంలో తనకు స్వప్రయోజనం లేదా? ఎదుటివాణ్ణి లేవమని, తాను కుర్చీలో ఉండటం ఎలా? లేస్తే ఆమెకు ఒక ఓటు పోతుంది. అప్పికట్ల దగ్గర చెప్పబోయాడు. మొలకల మాట ఆగలేదు. బాపట్ల వచ్చేసింది.

దీవెన కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డీన్ బి-14 కాగితాలు ముందుకు లాక్కుని, ఏడో నిబంధన కింద ఎవరైనా చెప్పవలసింది ఉందా అని అడిగింది. సంజీవరావు కాగితాల అంచులు సరిచేసుకుంటున్నాడు. అజయ్ బాబు అతని పేరు ఎత్తబోయి మానుకున్నాడు. తానే లేచి నిలబడ్డాడు.

"నేను వెళ్తానండి."

"దీవెన మీకు బంధువా?" అంది డీన్.

"కాదండి. అవుతుందేమోనని ఆశండి. ఆ అమ్మాయికింకా చెప్పలేదు."

నాలుగో తరగతి ఉద్యోగుల ప్రతినిధి కోటేశ్వరమ్మ బి-బ్లాకును ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మాకు చెప్పావుగా బాబూ, ఇంక దాగదులే," అంది.

డీన్ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, అజయ్ బాబు వంక కాక సంజీవరావు వంక చూసింది. "మీకేమైనా ఉందా, సంజీవరావు గారూ?"

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

తలుపు తెరుచుకుని ఇద్దరూ వెంట వెంటనే బయటికి రావడం చూసి దీవెన గభాలున లేచింది.

"ఆయన వచ్చారు సరే. మీరెందుకొచ్చారు?"

"ఏడో నిబంధనండి."

అది రాసింది ఆమే కాబట్టి అర్థం చెప్పవలసిన పని లేకపోయింది. ముందు ఆమె ముఖం తెల్లబోయింది. తరువాత ఎర్రబడింది.

"నా ఓటు పోగొట్టారు."

"అవునండి."

"ముందు నాకు చెప్పాలి గదా."

"పొద్దున బండిలో చెబుదామనుకున్నాను. మీరు మొలకల గురించి చెబుతున్నారు."

"నిన్న?"

"నిన్న కూడా మొలకలేనండి."

"వేరుశనగలే గదండీ. ఆపమంటే ఆపేదాన్ని."

బెంచీ రెండో చివర సంజీవరావు, ఏమీ విననట్టు, ఫోనులో వాతావరణం చూసుకుంటున్నాడు. వరండా చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. దీవెన సంచిలోంచి బదిలీ ఉత్తరం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరగంట గడిచింది.

కబురు కోటేశ్వరమ్మ తెచ్చింది. కుటుంబం ఉన్నవాడికే ఇవ్వాలని కమిటీలో ఉన్న ఇంజనీరు అన్నాడట. ఆ కుటుంబానికి గడియార స్తంభం పక్కనే రెండంతస్తుల సొంత ఇల్లుందనీ, బి-14 ఇస్తే పన్నెండో తాళం పడుతుందనీ తాను చెప్పిందట. పెళ్ళికాని వాళ్ళకు ఇవ్వరాదన్న రూలు నంబరు చెప్పమని డీన్ అడిగితే ఇంజనీరు చెప్పలేకపోయాడట. బి-14 దీవెనకే రాశారట.

"కిటికీలు తెరిచి ఉంచు తల్లీ, ఆ ఇల్లు గాలి ఎరగదు," అని దీవెన తల నిమిరి వెళ్ళింది.

దీవెన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి అజయ్ బాబు చేతిలో ఉంచింది. అతని ఆశకు జవాబు మాత్రం అప్పుడే చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఆమె ఇల్లు మారింది. తెనాలిలో అజయ్ బాబు పాత అలవాటుగా ఫోను తీసి వేమూరు చూసేవాడు. రేపల్లె బండి వేళకే వచ్చేది, అందులో ఆమె ఉండేది కాదు. తాను సాధించిన గెలుపే తన ఎదుటి సీటు ఖాళీ చేసిందని తెలిసి, నిడుబ్రోలు దాకా ఒక కిటికీ దగ్గర, అక్కణ్ణుంచి మరో కిటికీ దగ్గర కూర్చునేవాడు.

అయిదో రోజు ఆమె ఆఫీసుకు వచ్చి, ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు ఫారం ఇచ్చింది. అన్నీ పూర్తి చేసింది. 'కలిసి నివసించే కుటుంబ సభ్యులు' అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ 'లేరు' అని రాయాలండి," అన్నాడు తలెత్తకుండా.

"రాస్తే మళ్ళీ మార్చడానికి కమిటీకి వెళ్ళాలట. మీరేమో గదిలో ఉండలేరు."

అతడు తలెత్తాడు.

"ఆదివారం రేపల్లె రండి," అంది దీవెన. "నాన్న చర్చి నుంచి వచ్చేసరికి పదకొండవుతుంది. పేరు దావీదు మాస్టారు. తొందరపడి ఒప్పుకోరు. రూలు నంబరు అడగడం నాకు నేర్పింది ఆయనే."

ఆమె వెళ్ళాక అజయ్ బాబు ఫారం మీద ముద్ర వేయలేదు. పెండింగ్ కట్టలో అన్నిటికన్నా పైన పెట్టి, తెనాలి నుంచి రేపల్లెకు ఆదివారం మొదటి బండి ఎన్నింటికో చూసుకున్నాడు.