జానెడుకు రెండు వేళ్ళు తక్కువ

"నా వరసలెవరో దొంగిలిస్తున్నారు!"

అత్తగారి కేకకు వంటింట్లో కోడలి చేతిలో గరిట ఆగిపోయింది. ముందుగదిలో ఆవిడ సగం అల్లిన ఊలు దుప్పటిని ఒళ్ళో పరుచుకుని, అరచెయ్యి చాచి కొలుస్తోంది. నెలలు నిండుతున్న కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం అల్లుతున్న దుప్పటి అది.

"చూడరా! ముప్పై వరసలు అల్లితే నాకు జానెడు రావాలి. యాభై ఏళ్ళుగా వస్తోంది. ఇప్పుడు రెండు వేళ్ళు తక్కువ!"

గడియారాలు బాగుచేసే కొడుకు దుకాణానికి బయలుదేరుతున్నాడు. "దుప్పట్లు ఎత్తుకుపోయే దొంగల గురించి విన్నాను గానీ, వరసలు ఎత్తుకుపోయే దొంగలేమిటమ్మా! లెక్క మరిచిపోయి ఉంటావు."

"లెక్కా... నేనా?" ఆవిడ గొంతు తగ్గిపోయింది. "నిన్నా తక్కువే. మొన్నా తక్కువే... ఏరా, నాకు మతి పోతోందంటావా?"

అతను ఈసారి నవ్వలేదు. "సాయంత్రం డాక్టరుకు చూపిద్దాంలే," అని వెళ్ళిపోయాడు.

కోడలు పొయ్యి వైపు తిరిగింది. దొంగ తనే!

మూడు వారాలుగా, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళకు, ఆమె ఆ దుప్పటి తీస్తోంది. ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట కుట్టు జారి, వేలు దూరేంత కన్నం ఉండేది. అత్తగారికి కనిపించడం లేదు. కోడలు ఆ వరస దాకా విప్పి, మళ్ళీ అన్ని వరసలూ అల్లి, ఊలు ఉండను ఉన్నచోటే పెట్టేసేది. మొదటిరోజు అది జాలి. రెండోరోజు నుంచి మాత్రం... పదకొండేళ్ళుగా "నీకు చెయ్యి కుదరదే అమ్మాయ్" అన్న మనిషి తప్పులు తను దిద్దుతోంది! ఆ సంతోషం ఎవరికీ చెప్పుకునేది కాదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు, పప్పు పొంగుతుంటే, ఆ సంతోషాన్ని వేరెవరిదో అన్నట్టు నిలబడి చూసింది.

రెండు వేళ్ళు ఎక్కడికి పోయాయో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. అత్తగారిది వదులు చెయ్యి. తనది బిగువు; బిగిస్తే అల్లిక కురచవుతుంది. ఏది పట్టుకున్నా ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకునే చెయ్యి...

చెబితే ఆవిడకు కళ్ళు పోతున్నాయని తెలిసిపోతుంది. చెప్పకపోతే మతి పోయిందనుకుంటూ బతుకుతుంది.

మధ్యాహ్నం అత్తగారు పడుకోలేదు. దుప్పటి మీద వేలు జరుపుతూ, "పదిహేడు... పద్దెనిమిది..." అని తడబడి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మూడోసారి మొదలుపెట్టేసరికి కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, మీ లెక్క తప్పలేదు. వరసలు ముప్పై ఉన్నాయి. కుట్లు జారుతున్నాయి... రోజూ నేనే విప్పి మళ్ళీ అల్లుతున్నాను."

అత్తగారి వేళ్ళు ఊలు మీద కదిలాయి. ఒక పట్టీ దగ్గర ఆగాయి. తడిమాయి.

"ఇది నువ్వే," అంది. "తాడు పేనినట్టుంది."

"క్షమించండత్తయ్యా..."

"జారడం నాకెందుకు కనపళ్ళేదు?"

కోడలు తల వంచుకుంది. కళ్ళ నీళ్ళు ఊలు మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓహో... కళ్ళా!" అత్తగారు వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిడ చెంపల మీద కూడా నీళ్ళు! "హమ్మయ్య... కళ్ళేనా! పొద్దుటి నుంచి చచ్చి బతికానే! మతి పోతే నువ్వెవరివో కూడా తెలియదు కదే నాకు..."

సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. సూదులు కోడలి చేతిలో ఉన్నాయి.

"వదులుగా వెయ్యి. ఎవడూ లాక్కుపోడు!"

"డాక్టరు దగ్గరికి వెళ్దామా అమ్మా?"

"పద. మతి డాక్టరు కాదు, కంటి డాక్టరు," అంటూ ఆవిడ కొత్త వరసల మీద అరచెయ్యి చాచింది. "ఇంకా ఒక వేలు తక్కువ."

"విప్పమంటారా అత్తయ్యా?"

ఆవిడ ఆ బిగువు వరసలను బొటనవేలితో ఒకసారి నిమిరింది.

"వద్దు. అది నీ వేలు. ఉండనీ."