పొర తీసిన వాల్వు కవరు

జమీలా ఆ ఉదయం మూడో ఇంజనుకు నిత్యపొర ఎక్కిస్తుండగా ధనుంజయరావు, ఆయన భార్య వైదేహి షెడ్డుకు వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో తుప్పు మాట వినపడక ఇరవై ఏళ్లు. నిత్యపొర లోహానికి గాలి తగలనివ్వదు. గీత పడితే తనే పూడ్చుకుంటుంది. అరిగినచోట నిండి, భాగాన్ని కొత్తదానిలా చేస్తుంది.

చూపు పోయిన ధనుంజయరావు చేతిలో పాత పెట్రోలు కారు ఇంజను పైమూత, వాల్వు కవరు, తళతళలాడుతోంది.

“దీని పొర తీసెయ్యమ్మా. మా మనవలు ముచ్చటపడి వేయించారు. తడిమితే గాజుపలకలా ఉంది. నా బండిదో కాదో తెలియట్లేదు.”

“ఇది అల్యూమినియం అండీ. పొర కరిగించే మందులో కాస్త ఎక్కువసేపు ఉంచితే ఆ మందు లోహాన్నీ తినేస్తుంది. తీశాక చెమ్మకి తెల్లగా పూస్తుంది. నెలనెలా మైనం పట్టించాలి.”

“పట్టిస్తాంలే,” అంది వైదేహి.

జమీలా కవరును మందులో ముంచింది. పొర మందం కొలిచే పొరమాపిని సున్నా చూపగానే తీసి, నీళ్లతో కడిగి, ఆయన చేతిలో పెట్టింది.

ఆయన వేళ్లు అంచు దగ్గర ఆగాయి. “ఇక్కడ ఇంకా ఉంది.”

జమీలా మళ్లీ కొలిచింది. సున్నాయే. ఇంకోసారి ముంచితే కవరు పాడుకావచ్చు. దానికి జత ఎక్కడా దొరకదు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. పరికరాన్ని పక్కన పెట్టి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా మళ్లీ ముంచి, కడిగి ఇచ్చింది.

ఈసారి ఆయన వేలు చిన్న గుంటలో దిగింది.

“ఇదిగో. పెళ్లయిన కొత్తలో నువ్వు గరుకు కాగితంతో అరగదీసింది.”

“నేను రుద్దింది అటుపక్క. అది మీ పనే,” అంది వైదేహి.

జమీలాకు నవ్వొచ్చింది. మెత్తని పీచుతో ఒకే వాటంగా రుద్ది, కవరుకు పట్టులాంటి మసక మెరుపు తెచ్చింది. పల్చగా మైనం రాసి ఇచ్చింది.

మరుసటి నెల ఇద్దరూ కవరు, మైనం డబ్బా పట్టుకుని వచ్చారు. వైదేహి రుద్దుతుంటే ఆయన తడిమి తప్పులు పట్టాడు. గంట గడిచినా వాదన తెగలేదు.

“ఇంట్లోనే రాసుకోవచ్చు కదండీ,” అంది జమీలా.

వైదేహి గుడ్డ మడత మార్చింది. “ఇంట్లో తుడవాల్సింది ఏముందమ్మా, అన్నిటికీ పొరే. ఇద్దరం కలిసి ఒక పని చేసి, ఇంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో. ఇక్కడైతే ఎవరిది తప్పో నువ్వు చెప్తావు.”

జమీలా తన ముక్కాలిపీట వాళ్ల దగ్గరికి జరుపుకుంది.